వీరరాఘవయ్య సన్మానభంజనము

కలియుగమున, క్రీస్తు శకము పందొమ్మిది వందల తొంభైయవ సంవత్సరమున, డిసెంబరు మాసమున, చలికి నగరమంతయు మఫ్లర్లు చుట్టుకొని దగ్గుచుండగా, ఒకానొక ఆదివారమున, భాగ్యనగరమునకు పడమట, బండరాళ్లపై బంగళాలు, బంగళాల ముంగిట కార్లు, కార్లలో డ్రైవర్లు, డ్రైవర్ల ముఖములపై నిన్నటి దినపత్రికలు విరాజిల్లు జూబ్లీ హిల్స్ మహాశైలమును ఆనుకొని, ఎవని నోట విన్నను కాల్‌షీటు మాటయు, ఎవని చంకలో చూచినను కథ ఫైలును గల ఫిల్మ్ నగర్ మహాపురమునందు, ఒక ఘోర సమరము జరిగెను. ఆ సమరమున ఏనుగులు లేవు, గుర్రములు లేవు. ఒక శాలువా, ఒక పూలదండ, ఒక కవరు, నాలుగు యాపిల్ పండ్లు గలవు. నవ్వకుడు. అంతకన్న ప్రమాదకరమైన ఆయుధములు ఆ పేటలో లేవు.

ఓ సంతృప్తి దేవీ! ఈ కొండమీద నీకు గుడి లేదు, గోపురము లేదు, నీ పేర ఒక పాట యైనను లేదు. ఉన్న ఒక్క భక్తుని పేరు చెప్పి కథ మొదలుపెట్టెదను. నా గొంతునకు బలమిమ్ము. వినువారి ఆవులింతలను కాసేపు ఆపుము.

ఆ భక్తుడు ఎవడనగా, ముప్పదియైదు సంవత్సరములు తూనికలు కొలతల శాఖయందు గుమాస్తాయై, బందరు మొదలుకొని హైదరాబాదు దాక గల సమస్త వర్తకుల తక్కెడలను గజగజలాడించి, ఒక్క కొట్టువాని చేత బెల్లపుముక్క యైనను పుచ్చుకొనక, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ గావించినవాడును, స్వల్పపింఛనుసంతుష్టుడును, పంచద్వయధారియు, కుట్టుచెప్పులవిహారియు, మజ్జిగాన్నవిలాసియు, పడకకుర్చీసింహాసనాధీశ్వరుడును, జగదాంబాప్రాణవల్లభుడును నగు శ్రీమాన్ వీరరాఘవయ్య. సమాసములు కొన్ని కుదరలేదని పండితులు కోపగించుకొందురేమో. మనిషి అటువంటివాడు, నేనేమి చేయుదును?

అట్టి వీరుడు ఫిల్మ్ నగరుకు ఎట్లు చేరెనందురా, అది చిన్న సంగతి. ఒక సినిమా ఎడిటరు గారు అక్కడ ఇల్లు కట్టుకొని, మదరాసునకును హైదరాబాదునకును తిరుగుటయే సరిపోయి, ఆ ఇంట నుండుటకు తీరిక లేక, వెనుకనున్న రెండు గదుల వాటాను తక్కువ అద్దెకు ఇచ్చి, ఇల్లు కాస్త కనిపెట్టి చూడండని చెప్పిపోయెను. మూడేండ్లుగా కనిపెట్టి చూచుచున్నవారు మన దంపతులు.

వారి వైభవము వినుడు. తెల్లవారగనే పాలబూతునకు పోయి పాలు తెచ్చుట. కాఫీ. మంగళ, శుక్రవారములు కొండ దిగి కాలినడకను టోలిచౌకికి పోయి, లేత వంకాయలో, గోంగూర కట్టలో బేరమాడి తెచ్చుట. మధ్యాహ్నము రేడియో పెట్టుకొని, అది పాడుచుండగనే నిద్రపోవుట. ఆ నిద్ర! ఎదుటి వీధిలోని నిర్మాతలు మాత్రలు మింగియు పొందలేని నిద్ర అది. సాయంకాలము ఇంటి వెనుక బండమీద పడకకుర్చీ వేసికొని గోలకొండ వైపు ఎర్రబడిన ఆకాశమును చూచుట. చూచి వీరరాఘవయ్య నిత్యము అడుగు ప్రశ్న ఒక్కటే: “మనకేం తక్కువ జగదాంబా?”

ఆ యిల్లాలు నిత్యము చెప్పు జవాబును ఒక్కటే: “కాఫీపొడి.”

ఇట్లు వారు సుఖముండగా, శత్రువు ఎక్కడనో పుట్టవలెను గదా. వృద్ధ కళాకారుల ఆదరణ సమితి యనునది ఒకటి ఆ పేటలో గలదు. దాని కార్యదర్శి సుబ్బరామయ్య. మంచివాడు. చాల మంచివాడు. ప్రమాదమంతయు అక్కడనే యున్నది. ఏటేట డిసెంబరున, దీనస్థితిలో నున్న పాతతరపు నటుని ఒకనిని వెదకి పట్టి, శాలువా కప్పి, దండ వేసి, కవరు చేతిలో పెట్టి, ఆయన కంట నీరు వచ్చువరకు ఉపన్యాసములు చెప్పించి ఇంటికి పంపుట ఆయన పట్టిన వ్రతము. ఆ యేటికి కుదుర్చుకొన్న నటునకు ఆ ఆదివారము ఉదయము ఫోను చేయగా, ఆయన చెప్పిన మాట ఇది:

“సారీ సుబ్బరామయ్యగారూ. టీవీ సీరియల్లో తాతయ్య వేషం వచ్చింది. పదమూడు వారాలు. అప్పటిదాకా నాకు దీనస్థితి కుదరదండీ.”

సాయంత్రము ఐదింటికి సభ. అధ్యక్షుడు పెద్ద నిర్మాత బసవపున్నయ్య. శాలువా కొన్నారు, దండకు చెప్పినారు, ఉప్మాకు రవ్వ వేయించినారు. దీనుడు మాత్రము లేడు.

సుబ్బరామయ్య తల పట్టుకొని కారులో పోవుచు, పాలబూతు ముందర, మాసిన మఫ్లరుతో, చేత గుడ్డసంచితో, వరుసలో నిలిచిన వీరరాఘవయ్యను చూచెను. చూచినంతనే ఆయన గుండె ఝల్లుమనెను.

“లక్ష్మయ్యా, బండి ఆపు. ఆ ముఖం ఎక్కడో చూశాన్రా.”

డ్రైవరు లక్ష్మయ్య అద్దము దించి తేరిపార చూచెను. “అవ్ సార్. నేను గూడ జూసిన. మస్తుసార్లు జూసిన.”

“ఏ వేషంరా?”

“జడ్జి గావొచ్చు సార్. గా ముక్కు, గా నిలవడుడు... ఆఁ, జడ్జే.”

తప్పు ఎక్కడ జరిగెనో ఇప్పుడే చెప్పివేయుదును, దాచిపెట్టి నాకేమి లాభము? వీరిరువురును ఆ ముఖమును మూడేండ్లుగా ప్రతి ఉదయము ఆ పాలబూతు ముందరనే చూచుచున్నారు. వేరు పేటలలో ఒకని ముఖము ఎరిగినట్లు తోచినచో, బజారులో చూచితిమేమో, పెండ్లిలో చూచితిమేమో యని జనులు తలపోయుదురు. ఫిల్మ్ నగరున ఆ పద్ధతి లేదు. ఎరిగిన ముఖమైనచో తెరమీద చూచినదే కావలెను. తెరమీద చూచిన ముఖము పాలకు వరుసలో నిలిచినచో, అయ్యో, అది దీనస్థితియే కావలెను. సుబ్బరామయ్య కనులు చెమర్చెను. బూతువాని నడిగి పేరును, ఇంటి గుర్తులును తెలిసికొని, పది గంటలకు సరాసరి మన వీరుని గుమ్మమున నిలిచెను.

నిలిచి నలుదిక్కులు పరికించెను. రేకుల కప్పు. అతుకు వేసిన పడకకుర్చీ. తీగపై ఆరుచున్న రెండు పంచలు. పేదవాని యింటి సెట్టింగు ఎట్లుండునో ఆయన నూరు సినిమాలలో చూచినవాడు. ఇది అచ్చము అట్లే యుండెను.

“ఎంత స్థితికి వచ్చారు గురువుగారూ!”

“ఎక్కడికీ రాలేదండీ, మూడేళ్లనుంచి ఇక్కడే ఉంటున్నాం,” అనెను వీరరాఘవయ్య. “ఎవరు కావాలి మీకు?”

“మీరే కావాలి. పరిశ్రమ మిమ్మల్ని మరిచిపోయింది. ఈ సుబ్బరామయ్య మరిచిపోలేదు.”

జగదాంబ, వచ్చినవాడు ఎవడైనను, ఏమి మాటలాడినను, ముందు గ్లాసు చేతికిచ్చు మనిషి. “మజ్జిగ పుచ్చుకోండి అన్నయ్యగారూ. కాస్త అల్లం, కరివేపాకు వేశాను.”

“మజ్జిగ! సెట్లో బాదంపాలు తప్ప ముట్టని మనిషి, మజ్జిగతో కాలం గడుపుతున్నారా తల్లీ!”

“ఈయనా? బాదంపాలా?” జగదాంబ భర్త వైపు తిరిగెను. “ఎప్పుడండీ? నాతో ఒక్కసారి కూడా చెప్పలేదే?”

సుబ్బరామయ్య కన్నీళ్లతోనే మజ్జిగ త్రాగి, బాగుండుటచే మరియొక గ్లాసు అడిగి త్రాగి, సభ సంగతి, శాలువా సంగతి, కవరు సంగతి వివరించెను. వినిన వీరరాఘవయ్య ఆగ్రహోదగ్రుడై, నేత్రములు ఎర్రజేసి, ‘ఓరీ సన్మానాధమా! సంతుష్టుని కోటలో శాలువాతో చొరబడుటకు నీకెన్ని గుండెలురా! పో పొమ్ము!’ అని మనసులో గర్జించెను. నోటితో అన్నది మాత్రము ఇది:

“నేను నటుణ్ని కానండీ. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పింఛను వస్తుంది. మాకేం లోటు లేదు.”

“అదే! ఆ ఆత్మాభిమానమే! ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పరు. మీ తరం సంగతి నాకు తెలీదా?”

“ఆకలెందుకేస్తుందండీ? ఇప్పుడేగా ఉప్పిండి తిన్నాను.”

“వట్టి ఉప్పిండి!” అని సుబ్బరామయ్య జేబురుమాలు తీసెను. “ఇంక మీరేం మాట్లాడకండి. బ్యానర్ రాస్తున్నారు. పేపరువాళ్లకు కూడా ఫోన్లు చేసేశాను. ‘దీనస్థితిలో మహానటుడు వీరరాఘవయ్య’ అని రేపు పొద్దున వేస్తామన్నారు. నాలుగున్నరకు వ్యాను పంపిస్తా.”

అని పాదములకు మ్రొక్కి, వలదు వలదనుచుండగనే, వెడలిపోయెను.

జగదాంబ నవ్వి నవ్వి, కొంగు నోట గ్రుక్కుకొని, గడప పట్టుకొని కూలబడెను. కాని వీరరాఘవయ్య నవ్వలేదు. దీనస్థితి యను మాట ఆయన ఎదలో ముల్లై దిగెను. రేపటి పత్రిక బందరులో పడును. తమ్ముడు చూచును. ఒకే గదిలో కూర్చుండి పనిచేసినవారు చూతురు. ఏ వర్తకుని గుండురాయి తేడాగా నున్నదని తాను జరిమానా వేయించెనో ఆ వర్తకుడును చూచును. అయ్యో పాపమని అందరును అందురు. ఆ జాలి ఇంటిలోనికి ఒక్కమారు వచ్చినదా, ఇక మజ్జిగ మజ్జిగవలె నుండదు, పడకకుర్చీ పడకకుర్చీవలె నుండదు. ఉన్నదానితో హాయిగా బ్రదుకుచున్నామని చెప్పినను, పాపము, అభిమానముచే అట్లు చెప్పుచున్నాడందురు. ఇన్నాళ్ల సుఖమును ఒక్క పూటలో దుఃఖముగా మార్చివేయుదురు గదా యని ఆయనకు నిజముగనే ఏడుపు వచ్చెను.

“నేను పోను. తలుపేసుకుని పడుకుంటా.”

“పడుకోండి. రేపు పేపర్లో ‘మంచాన పడిన మహానటుడు’ అని వేస్తారు,” అనెను జగదాంబ, కన్నులు తుడుచుకొనుచు. “ఊరుకుంటే ఆగే గొడవ కాదండీ ఇది. వెళ్లి, అందరిముందూ మైకులో చెప్పండి, నేను కాదు మొర్రో అని. నేనూ వస్తాను. ఆ బాదంపాల సంగతేదో నేనూ తేల్చుకోవాలి.”

అంతట ఆ వీరుడు లేచెను. ఇస్త్రీ పంచ కట్టెను. చొక్కా గుండీలు గొంతుదాక బిగించెను. నాలుగున్నరకు వ్యాను వచ్చి గుమ్మమున నిలువగా, సతీసమేతుడై, కదనరంగమునకు బయలుదేరెను.

“ఫికర్ చెయ్యకుండ్రి సారూ,” అని డ్రైవరు లక్ష్మయ్య దారిలో ధైర్యము చెప్పెను. “గిప్పుడు ముసలి ఆర్టిస్టులకు మల్ల మంచి రోజులొచ్చినయ్. జర ఆ కోర్టు సీన్ల మాట ఒక్కటి జెప్పరాదుండ్రి!”

“నేను జడ్జిని కాదయ్యా.”

“గట్లనా? అయితే డాక్టర్ వేషమా?”

కాలనీ హాలు క్రిక్కిరిసి యుండెను. వేదికపై పదునారు అడుగుల బ్యానరు: ‘సహజ నటశిరోమణి శ్రీ వీరరాఘవయ్య గారికి ఆత్మీయ సత్కారం.’ ముందు వరుసలో దర్శకులు, మేకప్‌వారు, రచయితలు, పేపరువారు. మన వీరుని రెండు రెక్కలు పట్టుకొని ఎత్తైన కుర్చీలో కూలవేసిరి. లేవబోయిన ప్రతి మారు ఎవరో ఒకరు వచ్చి పాదములకు మ్రొక్కుచుండుటచే ఆయనకు లేచుటకు వీలు పడలేదు.

మొదట బసవపున్నయ్య విజృంభించెను. “ఈయన నా మొదటి సినిమాలో హీరోయిన్ తండ్రి. ఒకే టేకు! ఏం తండ్రండీ! అలాంటి తండ్రులు ఇప్పుడెక్కడ దొరుకుతున్నారు?” అని ఆయన కన్నులు ఒత్తుకొనెను. అసత్యమాడుట ఆయన ఉద్దేశము కాదు. ఎందరో తండ్రులతో సినిమాలు తీసినవాడు, ఈ తండ్రి వారిలో లేడని ఎట్లు చెప్పగలడు?

పిమ్మట నటీమణి శకుంతలమ్మ లేచెను. అరువదేండ్లు దాటిన మనిషి, నిండుగా జరీ పట్టుచీర కట్టి, పెద్ద బొట్టు పెట్టి, రాణివలె మైకు దగ్గర నిలిచెను.

“ముప్పై ఏళ్లు చెల్లెలిగా, వదినగా, అత్తగా వేశాను. దెబ్బలు తినని సినిమా లేదు. కానీ ఈయన కొట్టిన చెంపదెబ్బ ఉంది చూశారూ, అది ఇప్పటికీ నాకు గుర్తే. కుడి చెంప.”

హాలంతయు చప్పట్లతో దద్దరిల్లెను. మొదటి వరుసనుండి జగదాంబ కంఠము వినవచ్చెను. “ఏమండీ! ఆవిణ్ని కొట్టారా?”

“నేనెవర్నీ కొట్టలేదే!” అని వీరరాఘవయ్య ఆక్రోశించెను.

అప్పుడు మొదలయ్యెను అసలు పోరు. సుబ్బరామయ్య శాలువాను రెండు చేతుల విప్పి, వల విసరు జాలరివలె మీదికి రాగా, వీరరాఘవయ్య తల వంచి, కుర్చీ కిందుగా ఎడమకు జారి తప్పించుకొనెను. శాలువా పోయి మైకునకు కప్పుకొనెను. జనులు మైకునకు చప్పట్లు కొట్టిరి. రెండవమారు సుబ్బరామయ్య వట్టి చేతులతోనే వెనుకనుండి పట్టుకొనవచ్చెను. వీరుడు లేచి కుర్చీ చుట్టు ప్రదక్షిణముగా పరుగిడెను. కార్యదర్శి అప్రదక్షిణముగా పరుగిడెను. ఎడమనుండి పూలదండ, కుడినుండి యాపిల్ పండ్ల పళ్లెము, ఎదుటనుండి కవరు, ముప్పేటదాడిగా ముంచుకొని వచ్చుచుండ, ఆ కొలతలశాఖాకేసరి మోచేత దండను త్రోసి, పండ్లలో ఒకటి దొర్లిపోగా దానిని దాటి, కవరును జేబులో పడకుండ అరచేత జేబు మూసికొని, ఒక్క గంతున మైకును చేజిక్కించుకొనెను. చేజిక్కించుకొని దానిమీది శాలువాను ఊడబెరికి పారవైచెను. చిన్ననాడు బందరు బడిలో మాస్టారి బెత్తమునకు జడిసి వల్లెవేసిన గ్రాంథికమంతయు ఆ ఆవేశమున పైకి తన్నుకొని వచ్చెను.

“సభాసదులారా! నేను నటుడను గాను! దీనుడను అంతకన్న గాను! నాకు పింఛను గలదు! నా యింట మజ్జిగ గలదు! నా తోడు జగదాంబ గలదు! మధ్యాహ్నమున నాకు నిద్ర గలదు! ఇన్ని గలవానిని దీనుడనుటకు మీకు నోరెట్లు వచ్చినది? ముప్పదియైదేండ్లు పరుల తక్కెడలలో తప్పు పట్టినవాడను. నేడు నాది కాని కీర్తిని, నాకు అక్కరలేని కవరును నా తక్కెడలో వేసికొందునా? వేసికొనను! ఈ శాలువా నాది కాదు! తీసికొనిపొండు!”

అంతే, హాలు బద్దలయ్యెను. ఈలలు! కేకలు! వెనుక వరుసలవారు కుర్చీలెక్కిరి. మేకప్‌వారు వెక్కి వెక్కి ఏడ్చిరి.

“ఒకే టేకు!” అని బసవపున్నయ్య గుండెలు బాదుకొనెను. “చూశారా ఆ విరుపు! ఆ గొంతు! పౌరాణికాల్లో కూడా వేశాడండీ ఈయన, నాకిప్పుడు గుర్తొస్తోంది! సుబ్బరామయ్యా, ఆ కవర్లో ఇంకొంచెం వేద్దామయ్యా!”

అయ్యయ్యో! సత్యమే ఆయుధముగా ప్రయోగించిన వీరునకు సత్యమే ఎదురు తిరిగెను. ఇంక చేయునది ఏమున్నది? ఆయన మైకు పట్టుకొని నిలువున నీరైపోయెను. పేపరువాడు వ్రాసికొనుచున్నాడు. ఫోటోగ్రాఫరు కెమెరా సవరించుచున్నాడు. శాలువా మరల లేచినది.

అప్పుడు జగదాంబ మొదటి వరుసలో లేచి నిలబడి, రెండు చేతులు నోటికి అడ్డుపెట్టి కేకవేసెను.

“ఏమండీ! ఏదైనా ఒక డైలాగిమ్మనండి! చెప్పి చూపించండి!”

“నాకు చేతనవుతుందా?”

“అందుకే చెప్పమంటున్నా!”

ఆహా, ఏమి యుద్ధతంత్రము! నలుబదేండ్ల కాపురమున ఆమె ఎరుగనిది ఏమున్నది? చుట్టాలింటి కాఫీ బాగున్నదని చెప్పవలసి వచ్చినచో నాలుక మడతపడు మనిషి ఆయన. అయితే మీతో నాకు దాపరికము లేదు గనుక చెప్పుచున్నాను, ఆ క్షణమున వీరరాఘవయ్య మనసులో మరొక చిన్న ఆశ మెదిలెను. ఇంతమంది ఇంతగా అనుచున్నారు గదా, ఏమో, చేతనగునేమో! చొక్కా సర్దుకొనెను. గొంతు సవరించుకొనెను.

బసవపున్నయ్య ఉత్సాహముతో తానే అందించెను. “చెంపదెబ్బ సీనండీ! శకుంతలమ్మా, వచ్చి ఎదురుగా నిలబడు. ‘అమ్మా! నా చెయ్యి నీ చెంపమీద పడింది కానీ, ఆ దెబ్బ తగిలింది నా గుండెకమ్మా!’ కానివ్వండి గురువుగారూ!”

వీరరాఘవయ్య ఊపిరి పీల్చి, తన ప్రాణశక్తి నంతయు కూడదీసికొని, ఆఫీసులో ఫైలు చదివి వినిపించినట్లు చెప్పెను.

“అమ్మా. నా చెయ్యి. నీ చెంపమీద పడింది కానీ ఆ దెబ్బ. తగిలింది నా. గుండెకు అమ్మా.”

గుండె అనినప్పుడు చేయి వేసికొనెను. కుడివైపున వేసికొనెను.

“కాస్త ఫీలింగుతో,” అని ఎవరో మెల్లగా అనిరి. వీరుడు మరల విజృంభించెను. ఈ మారు “కానీ!” యని మాత్రము గర్జించి, తక్కినదంతయు తనలో తాను గొణుగుకొని, చివర “అమ్మా” అనుటకు శకుంతలమ్మను మాని సుబ్బరామయ్య వైపు చూచెను. మేకప్‌వారు ముఖములు కప్పుకొనిరి. ఒక రచయిత లేచి బయటకు పోయెను. మూడవమారు చేయి ఎత్తి చెప్పబోగా ఆ చేయి తగిలి మైకు కీచుమనెను. మొదటి వరుసలోని పెద్ద దర్శకుడొకడు, తాను సభలో నున్నానను మాటయే మరచి, “కట్!” అని అరచెను.

ఫిల్మ్ నగర్ పొరబడును. ముఖము చూచి పొరబడును, చొక్కా చూచి పొరబడును, మజ్జిగ చూచి పొరబడును. కాని కళ్ల ముందర జరిగిన నటనను చూచి ఏనాడును పొరబడదు. అది వారి అన్నము.

బసవపున్నయ్య నిదానముగా లేచెను. “ఈయన నటుడు కాదయ్యా. ఈ జన్మలో కాదు.” అని మైకు వైపు వేలు చూపెను. “అంటే... ఇందాక మైకులో చెప్పిందంతా నటన కాదన్నమాట. నిజమన్నమాట.”

“నిజమే బాబూ,” అనెను వీరరాఘవయ్య. గెలిచినందుకు సంతోషమే గాని, ఈ జన్మలో కాదన్న మాటకు ఆయన ముఖము కొంచెము చిన్నబోయెను. ప్రాణము పెట్టి చెప్పెను గదా, పాపము.

సుబ్బరామయ్య శాలువా చేతబట్టి నోరు తెరచి నిలిచెను. “మరి... మరి మిమ్మల్ని నేనెక్కడ చూశానండీ?”

“పాలబూతు దగ్గర. రోజూ పొద్దున్నే. వానాకాలంలో మీ కారే కదండీ నా పంచె మీద బురద కొట్టిపోతుంది!”

“అవ్ గదా!” అని తలుపు దగ్గర లక్ష్మయ్య తల కొట్టుకొనెను. “లైన్ల నిలవడే సారు!”

ఇక ఆ శాలువా ఏమి కావలెను? ఉప్మా సిద్ధముగా నున్నది, ఫోటోగ్రాఫరు సిద్ధముగా నున్నాడు, కప్పించుకొనువాడు లేడు. అందరును ఒకరి ముఖము ఒకరు చూచుకొనుచుండగా, శకుంతలమ్మ తాను నిలిచిన చోటనుండి కదలకయే పలికెను.

“నాకు కప్పండి. నాకు చలేస్తోంది.”

“మీకా అమ్మా!” సుబ్బరామయ్య తడబడెను. “మీరు... పట్టుచీరలో...”

“ఇది ఆఖరు సినిమాలో కట్టిన చీర నాయనా. నాలుగేళ్లయింది. ఏ ఫంక్షన్‌కైనా ఇదే కట్టుకొస్తున్నా. ఇది ఇస్త్రీ నలగకుండా ఉంటే చాలు, మీరెవ్వరూ నావైపు చూడరు. పాతచీర కట్టుకొచ్చి పాలబూతు దగ్గర నిలబడాల్సింది నేను.” నవ్వుచునే చెప్పెను. విన్నవారికి మాత్రము నవ్వు రాలేదు. బసవపున్నయ్య తల దించుకొనెను.

అప్పుడు వీరరాఘవయ్య ముందునకు వచ్చి, తనను ఇంతసేపు తరిమిన ఆ శాలువాను సుబ్బరామయ్య చేతనుండి తీసికొని, దులిపి, తిన్నగా మడత విప్పి, ఆమె భుజములపై కప్పెను. కవరును రెండు చేతులతో అందించెను. ఆమె పుచ్చుకొనెను. ముప్పదియేండ్లు పనిచేసినదానికి పుచ్చుకొనుచున్నట్లు, బెదురు లేక పుచ్చుకొనెను.

“అయితే నన్ను కొట్టింది మీరు కాదన్నమాట,” అనెను.

“కాదమ్మా, ఒట్టు.”

“తెలుస్తూనే ఉంది లెండి. కొట్టినాయన బాగా చేశాడు.”

జగదాంబా వీరరాఘవులు ఉప్మా తిని, వ్యాను వద్దని చెప్పి, చల్లగాలిలో నడచుచు ఇల్లు చేరిరి. మరునాడు ఉదయము వీరరాఘవయ్య పత్రిక కొనెను. కొనుట ఆయనకు అలవాటు లేదు. ఆనాడు కొనెను. మొదటి పుట, క్రీడల పుట, మార్కెట్ ధరలు, సంతాపములు, వధూవరులు కావలెను, ఒక్క అక్షరము వదలక, వేలు పెట్టి చదివెను. మూడవ పుటలో అడుగున నాలుగు పంక్తులు: ‘సీనియర్ నటి శకుంతలమ్మకు ఘన సత్కారం.’ దీనస్థితి లేదు. మహానటుడు లేడు. తన పేరు ఎక్కడను లేదు.

“జగదాంబా! లేదు! ఎక్కడా లేదు!”

జగదాంబ కళ్లజోడు పెట్టుకొని ఫోటో చూచెను. “శకుంతలమ్మగారి వెనకాల ఆ చెవి మీదే.”

“నాది కాదు.”

“నలభై ఏళ్లు చూసిన చెవి, నాకు తెలీదా?”

ఈ గాథ చదివినవారికి పింఛను పెరుగదు, అద్దె తగ్గదు, కాఫీపొడి డబ్బా నిండదు. మధ్యాహ్నపు నిద్ర మాత్రము బాగుగా పట్టును, దానికి నాది పూచీ. ఫిల్మ్ నగరున పత్రికలో పేరు పడుటకై జీవితాంతము పోరాడి ఓడినవారు వేలకొలది గలరు. పేరు పడకుండుటకై ఒక్క పూట పోరాడి, శాలువాను తప్పించుకొని, దండను త్రోసిపుచ్చి, ఒక్క చెవి తప్ప సర్వమును కాపాడుకొని గెలిచిన మహావీరుడు, వినుడు వినుడు, వీరరాఘవయ్య యొక్కడే!